ఏడు రోజులు నీళ్ళు పోయకు

కోసిన కొమ్మ ముక్కల్ని నీడలో ఆరబెట్టాలి. ఏడు రోజులు వాటికి చుక్క నీరు తగలకూడదు. బుట్టలోని తల్లిమొక్కకూ అంతే. ప్రతి కోతకూ ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. షెడ్డు కిటికీ సగమే తెరవాలి. అన్నిటికంటే ముఖ్యం, జాలిపడకూడదు.

కంటి ఆపరేషన్‌కి వెళ్తూ మేనత్త చెప్పిన పనులివి. మేనకోడలు అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అందుకే అత్త ఆమెను ‘డిగ్రీ’ అని పిలిచేది.

డిగ్రీ చివరి మాట తప్పింది, దాంతో నీళ్ళ మాటా తప్పింది. తను కోసి ఆరబెట్టిన ఆరు ముక్కలూ నాలుగో రోజు ముడతలు పడి కనిపించేసరికి ప్రాణం ఉసూరుమంది. తలా కాసిని నీళ్ళు పోసింది. అదే చేత్తో, కోతలింకా పచ్చిగా ఉన్న తల్లిమొక్కకూ పోసింది.

ఆరో రోజు పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే పుల్లటి వాసన కొట్టింది. ట్రేలో ముక్కలు కరిగిన కొవ్వొత్తుల్లా ఉన్నాయి. తల్లిమొక్క మొదలు దగ్గర దళసరి ఆకులు గాజులా మారి, వేలు తగిలితే జారిపోతున్నాయి. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది.

ఆ జాతి ఇంకెక్కడా లేదు. మూతబడిన ఒక నర్సరీ చెత్తలో దొరికిన కొమ్మను అత్త పద్దెనిమిదేళ్ళుగా బతికించుకుంటూ వస్తోంది. బుట్ట అంచు దాటి జడల్లా వేలాడే ఆ కొమ్మల కొసన మూడేళ్ళకోసారి రాగిరంగు పూలు పూస్తాయి. చూపు మసకబారి కిందటిసారి వాటిని సరిగా చూడలేకపోయింది. ఈసారి మొగ్గ తొడగ్గానే ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి అత్త వచ్చేస్తుంది.

డిగ్రీ కత్తి తుడిచింది. మొదటి కొమ్మను మొదలు దగ్గర కోసింది. కోత నడుమ ఆవగింజంత నల్లచుక్క, లోపలికి పాకిన కుళ్ళు. ఇంకో కణుపు అవతల కోసింది. చుక్క. ఇంకోటి. చుక్క. ఉన్న అయిదు కొమ్మల్లో నాలుగు కొసదాకా నలుపే. అయిదోదానికి మిగిలింది బొటనవేలంత. కళ్ళు మూసుకుని కోసి, తెరిచి చూసింది. కోత తెల్లగా ఉంది. ఆ కొసన మూడు మొగ్గలు.

"ఏమే డిగ్రీ, వాసనేంటి?" గుమ్మంలో అత్త. కంటికి కట్టు, రెండో కంటికి మసక.

"అత్తా... నీళ్ళు పోశాను."

అత్త మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అంత చదువు చదివి, పొయ్యొద్దన్న నీళ్ళు పోశావా తల్లీ! ఏం మిగిలింది?"

"ఒక్క కొస. మొగ్గలున్నాయి."

"గిల్లెయ్యి."

"నువ్వు చూడాలనే కదత్తా ఆపరేషన్..."

"పూసిందా, ఉన్న సత్తువంతా పువ్వుకే పోతుంది. వేరు పట్టదు. పూసి చస్తుంది. గిల్లు."

డిగ్రీకి చెయ్యి రాలేదు. అత్త ముక్కను అందుకుని, వేళ్ళతో తడిమి, మొగ్గల్ని ఒక్కొక్కటే గిల్లింది. మూడోదాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"ఏడు రోజులు," అంది. "దాని వంక జాలిగా చూశావో, నీ కళ్ళకీ కట్టు కట్టిస్తా."

ఆ ఏడు రోజులూ డిగ్రీకి అన్నం సహించలేదు. రోజూ కోతను చూసేది. నల్లచుక్క రాలేదు. ముక్క ముడతలు పడి, ఎండిన చింతకాయలా అయింది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. పద్దెనిమిదో రోజున వెంట్రుకంత తెల్లటి వేరు కనిపించింది.

మళ్ళీ పూయడానికి మూడేళ్ళు పట్టింది. అత్త రెండేళ్ళే ఉంది.

ఆ ఒక్క కొస నుంచి వచ్చిన బుట్టలు ఇప్పుడు చాలా వరండాల్లో వేలాడుతున్నాయి. ఎక్కడైనా రాగిరంగు పూలు కనిపిస్తే, చూడకుండానే వాటిని గిల్లుకున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.