శాంక్టిమోనియస్ గురువు గారు

ఆ మాట సార్‌కు అతికినట్టు సరిపోయిందని కుమారస్వామికి నవ్వు వచ్చింది. శాంక్టిమోనియస్. ఒకప్పుడు ఈ ఇంగ్లీషు మాటకు పవిత్రుడనే అర్థం ఉండేదట. రచయితలు వెక్కిరింపుగా వాడీ వాడీ చివరికి దాన్ని దొంగభక్తులకు అంటగట్టారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో సినిమా పాపమని బోధించి, సాయంత్రం చిక్కడపల్లిలో మొదటి ఆటకు పోయే సార్‌కు ఇంతకంటే మంచి బిరుదేముంది?

హాస్టల్ గదిలో ఎదుటి మంచం మీద కరుణాకర్, రేపు సార్ వీడ్కోలు సభలో మైకు ముందు చదవడానికి సన్మానపత్రం రాస్తున్నాడు. 'మా శాంక్టిమోనియస్ గురువు గారికి' అని మొదలుపెట్టాడు. నారాయణగూడ ఫుట్‌పాత్ మీద కొన్న డిక్షనరీలో 'పవిత్రమైన' అని ఉందట. డిక్షనరీలు బట్టీపట్టేవాళ్లంటే కుమారస్వామికి ఏవగింపు.

"జర చూడన్నా, స్పెల్లింగ్ కరెక్టేనా?"

"కరెక్టే."

అబద్ధమేమీ కాదు. రేపు ఇంగ్లీషు వచ్చినవాళ్లు నవ్వుతారు, వాళ్లను చూసి హాలంతా నవ్వుతుంది. కరుణాకర్ తలెత్తుకోలేడు. తన చేతికి మాత్రం మట్టి అంటదు. ఆ శుభ్రమైన చేతిని కుమారస్వామి ఒకసారి చూసుకున్నాడు. ఆ మాట సార్‌ను వదిలి, మెల్లగా వచ్చి తన పక్కనే కూర్చున్నట్టనిపించింది.

"ఇటియ్యరా" అన్నాడు విసుగ్గా. కాగితం లాక్కుని ఆ మాటను అడ్డంగా కొట్టేశాడు.