స్టేడియం గేటు దగ్గర పుట్టింటి చీర

మా బావమరిది నతానియేలు వరల్డ్ కప్ ఫుట్‌బాల్ చూడటానికి దోహా నుంచి వచ్చాడు. అతని మ్యాచ్ టొరంటోలో. మా ఇల్లు కిచెనర్‌లో. అతణ్ణి ఇంట్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కెనడాలోనే కనాటా అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి షెర్లీ ఫోన్ చేసి బతిమాలింది.

"ప్లీజ్ డాడీ. ఆయన మమ్మీకి ఓన్ బ్రదర్. జస్ట్ త్రీ డేస్. ఊరు తిప్పండి, మ్యాచ్ చూపించండి, పంపించేయండి."

"తిప్పుతా. మాట్లాడమని మాత్రం అనకు" అన్నాను.

నా భార్య ప్రేమజ్యోతి పోయి రెండేళ్లయింది. ఆ రోజు ఇతను దోహా నుంచి ఫోన్ చేశాడు. "బావా, చీర నేను తెస్తున్నా. నేను వచ్చేదాకా అక్కని పంపొద్దు" అన్నాడు. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి తమ చేత్తో కప్పాలి. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్నాం గానీ, ఆ పద్ధతి మా గోదావరి వైపు ఎవరూ వదల్లేదు. ఇతని మాట నమ్మి భూస్థాపన వారం రోజులు ఆపాం. రాలేదు. మేము చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టె దగ్గర సంఘంలోని ఆడవాళ్లు "పుట్టింటి చీర ఏదండీ?" అని అడుగుతుంటే నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. చివరికి పాస్టరమ్మగారు తన బీరువాలోంచి ఒక కొత్త చీర తెచ్చి కప్పారు.

వీసా రాలేదట. ఆ సంగతి నెల తర్వాత షెర్లీ ద్వారా తెలిసింది. వీసా రాకపోవచ్చు. ఫోన్ చేయడానికి వీసా అక్కర్లేదు.

అక్క చావుకు రానివాడు ఇప్పుడు బంతాటకు వచ్చాడు.

ఎయిర్‌పోర్టులో కారెక్కుతూనే, "బావా, ముందు అక్క దగ్గరికి తీసుకెళ్లండి" అన్నాడు.

"దారిలో లేదు" అన్నాను.

మర్నాడు నయాగరా తీసుకెళ్లాను. అందరూ ఫోటోలు దిగుతున్నారు. ఇతను భుజానికి ఒక బ్యాగు తగిలించుకుని, జలపాతానికి వీపు పెట్టి నిలబడ్డాడు. "సమాధుల తోట మనింటికి దగ్గరేనా బావా?" అని అడిగాడు.

"ముందు మ్యాచ్ కానీ."

మ్యాచ్ అయిన మర్నాడు తెల్లవారే అతని ఫ్లైట్. సమాధి చూపించకుండానే పంపించాలని నేను నిర్ణయించుకున్నాను. ప్రేమజ్యోతి వారం రోజులు పెట్టెలో పడుకుని ఇతని కోసం ఆగింది. ఇతను కూడా ఆగి, ఆగి, వెళ్లాలి.

మ్యాచ్ రోజు ఆల్డర్‌షాట్ స్టేషన్‌లో కారు పెట్టి ట్రైన్ ఎక్కాం. టికెట్ అతనికొక్కడికే, నేను గేటు దాకా దిగబెట్టడానికి. రైలు పెట్టె నిండా రంగు చొక్కాలు, జెండాలు, డప్పులు. నతానియేలు కూడా ఒక ఎర్ర జెర్సీ వేసుకొచ్చాడు. బ్యాగు మాత్రం పైన పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు.

షెర్లీకి మాటిచ్చాను కాబట్టి అన్నీ తిప్పాను. సెయింట్ లారెన్స్ మార్కెట్‌లో నిలబడి శాండ్‌విచ్‌లు తిన్నాం. ఫెర్రీ ఎక్కి దీవికి వెళ్లొచ్చాం. నీళ్ల అవతల టవర్లు మెరుస్తుంటే జనం పాటలు పాడుతున్నారు. దీవిలో పిల్లలు బంతి ఆడుతుంటే ఇతను కాసేపు చూసి, "చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది బావా?" అని అడిగాడు. వేళాకోళం అనుకున్నాను.

స్టేడియం గేటు దగ్గర బ్యాగులు చూసే అమ్మాయి మెడలో కార్డు ఉంది. నిఖిల అని రాసి ఉంది. మా మాటలు వినగానే తెలుగులోకి దిగింది. తెలంగాణ యాస.

"అంకుల్, ఇంత పెద్ద బ్యాగు లోపలికి పోనియ్యరు. అయినా ఇయ్యాల కెనడా ఆడుతలేదు, ఈ జెర్సీ ఏంది?"

"షాపులో ఇదే ఉందమ్మా" అన్నాడు నతానియేలు.

"బ్యాగుల ఏమున్నది?"

"చీర."

ఆ అమ్మాయి నవ్వింది. "మ్యాచ్‌కు చీర తెచ్చిన్రా? ఏ టీమ్‌కు పెడ్తరు?"

"మా అక్కకమ్మా. ఇక్కడే పోయింది. తెస్తానని మాటిచ్చి రాలేకపోయాను."

నిఖిల నవ్వు ఆపింది. నతానియేలు బ్యాగు జిప్పు మీద చెయ్యి పెట్టి, దాన్నే చూస్తూ చెప్పాడు. నాతో ఎన్నడూ అనని మాటలు ఆ పిల్లతో అన్నాడు.

"రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది వీసా అని వారం చూశాను. ఇక రాదని తెలిశాక ఏమని ఫోన్ చేయను? నా కోసం పెట్టె ఆపి కూర్చున్నారు. ఆపిన మనిషికి రావట్లేదని చెప్పడానికి నోరు పెగల్లేదు. రోజులు గడిచేకొద్దీ ఇంకా పెగల్లేదు. మొన్నీమధ్య ఈ మ్యాచ్ టికెట్ కొని, దాంతో మళ్లీ అప్లై చేశా. వీసా ఇస్తామని ఎవరూ అనలేదు. ఒక ఆశ. వచ్చింది."

"మా అమ్మమ్మకు ఆమె తమ్ముడు తెచ్చిండు అంకుల్" అంది నిఖిల. "నడిమిట్ల కారు ఖరాబైతే లారీ ఎక్కి తెచ్చిండు." తర్వాత నా వైపు చూపించింది. "ఈ అంకుల్ చేతిల టికెట్ లేదు కదా. ఆయన చేతికిచ్చి మీరు పోండి. మ్యాచ్ అయ్యేదాక పట్టుకుంటడు."

నేను చెయ్యి చాపాను. అతను ఇవ్వలేదు.

"వద్దు బావా. అది మీ చేతికి రాకూడదు. మా ఇంటి చేతుల్లోంచే అక్కకి వెళ్లాలి."

అది పద్ధతే. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వెనక జనం తోస్తున్నారు. లోపల డప్పులు మొదలయ్యాయి. "అంకుల్, లైన్ ఆగుతున్నది" అంది నిఖిల మెల్లగా. నతానియేలు లైన్లోంచి పక్కకు జరిగాడు.

"మరి నీ ఆట?" అన్నాను.

"ఆట సంగతి నాకేం తెలుసు బావా. ఎంతమంది ఆడతారో ఫ్లైట్లో పక్కాయన్ని అడిగి తెలుసుకున్నా. టికెట్ పని ఎయిర్‌పోర్టులోనే అయిపోయింది." బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకున్నాడు. "సాయంత్రం మీకు వేరే పనేం లేకపోతే..."

అతణ్ణి అనడానికి రెండేళ్లుగా దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ అక్కడ అనదగ్గదిగా కనపడలేదు.

"నడువు. ట్రైన్ టైమైంది" అన్నాను.

"జెర్సీ అయితే మంచిగున్నది అంకుల్" అని వెనకనుంచి నిఖిల అరిచింది. నతానియేలు చెయ్యి ఊపాడు.

అందరూ స్టేడియంలో ఉన్నారు, మా ట్రైన్ ఖాళీ. ఆల్డర్‌షాట్‌లో దిగి కారెక్కాం. హైవే మీదికి వచ్చాక అతను, "మీరు ఒక్కసారి తిట్టుంటే బాగుండేది బావా" అన్నాడు.

"తిట్టాలంటే నువ్వు ఫోన్ ఎత్తాలిగా."

"అదీ నిజమే."

తోటకు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అతను సున్నం వేసిన సమాధి కోసం, సిలువ కోసం చుట్టూ చూశాడు. నేను గడ్డిలోకి చూపించాను. నేలకు సమంగా ఒక బూడిద రంగు రాయి. దాని మీద ఆమె పేరు.

"ఇంతేనా బావా?"

"ఇక్కడింతే. గడ్డి కోసే మిషన్‌కు అడ్డం రాకూడదు."

చెప్పులు విప్పి, బ్యాగులోంచి చీర తీశాడు. లేత పసుపు. మడతల దగ్గర గీతలు పడిపోయాయి.

"ఆమెకు ముదురు రంగులు ఇష్టం" అన్నాను.

"తెలుసు బావా. అక్క పోయిన రోజు దోహాలో దొరికింది ఇదే."

గడ్డి మీద పరిచాడు. గాలికి లేచిపోయింది. రెండు కొసల మీద మోకాళ్లు పెట్టి కూర్చుంటే మిగతా రెండు కొసలు ఎగిరాయి. కాసేపు చూశాను. తర్వాత నేనూ వంగి ఆ కొసల మీద చేతులు పెట్టాను. అతను ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో ఆపేశాడు. ఆమెన్ నేను అన్నాను.

"ఇక్కడే వదిలేస్తే?" అని అడిగాడు.

"రేపు పొద్దున ఏరి చెత్తలో వేస్తారు."

"వెనక్కి తీసుకెళ్తే కప్పినట్టు కాదు బావా." అతను ఇంత దూరం వచ్చాడు గానీ ఈ సంగతి ఆలోచించలేదు. సున్నం, సిలువ, చుట్టూ ప్రహరీ ఉన్న మన ఊరి సమాధినే మనసులో పెట్టుకుని వచ్చాడు. చీరను ఒళ్లోకి లాక్కుని అలాగే కూర్చుండిపోయాడు. తెల్లవారితే ఫ్లైట్.

రాయి తల దగ్గర జానెడు పాదు ఉంది. అక్కడ మొక్కలు పెట్టనిస్తారు. బంతి నారు వేశాను.

"కొంగు చింపు" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు.

"చింపు. చీరంతా పట్టదు. ఒక ముక్కైనా మట్టిలోకి వెళ్తే ఆమెకు చేరినట్టే."

అంచు గట్టిది, చేతికి లొంగలేదు. పళ్లతో కొరికి చింపాడు. నేను బంతి మొక్కలను పక్కకు ఒత్తి, వేళ్లతో మట్టి తోడటం మొదలుపెట్టాను.

అతను వస్తానని చెప్పి వారం రోజులు ఆపించిన సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా. అతను మరిచిపొమ్మని అడగలేదు.

"ఇంకా లోతుగా బావా. వానకు పైకొచ్చేస్తుంది."

"నీకు చేతులు లేవా? తవ్వు" అన్నాను.

అతను పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. నేల లోపల చల్లగా తగిలేదాకా ఇద్దరం తవ్వాం. ముక్కను మడిచి లోపల పెట్టింది అతనే. నేను ముట్టుకోలేదు. పైన మట్టి మాత్రం ఇద్దరం కప్పాం.