చలిదేశాలకు పోయే నీలిపిట్ట

జగన్మోహనరావు గారి పక్షుల లెక్కకు మే మొదటి ఆదివారమే ఆఖరు. అబుదాబిలో ఒక ఆఫీసులో పనిచేసే ఆయన, ఏటా ఇక్కడి తెలుగువాళ్లకు తలా ఒక వలసపక్షిని అప్పగిస్తారు. కొత్తగా చేరిన నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేదాన్ని ఇచ్చారు. ఇటు మీదుగా ఉత్తరానికి ఎగిరి, మంచు పూర్తిగా కరిగాక గానీ చలిదేశాల్లో దిగని నీలిపిట్ట అది. ఎమ్మెస్సీ జువాలజీ చదివాను, ఇదెంత పని అన్నాను. ఐదు ఆదివారాలు గడిచాయి. పట్టికలో అందరి గడులూ నిండాయి, నాది తప్ప.

ఆ ఆఖరి ఆదివారం పొద్దున మా ఆయన దేవేందరే టీ కాచి ఫ్లాస్కులో పోసి నన్ను లేపారు. ఐకాడ్ పారిశ్రామికవాడలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి వారానికి ఒక్కటే సెలవు. అదీ నా పిట్టకే. పెళ్లయి మూడు నెలలే అయింది కాబట్టి, ఆ టీలో చక్కెర మరిచినా నాకు తియ్యగానే ఉంది.

బనియాస్ అవతల కరెంటు తీగల కింద నిలబడ్డాం. ఏడు దాటాక తీగ మీద నీలంగా ఒకటి వాలింది. నేను గబుక్కున చేతులు జోడించాను. దసరా నాటి అలవాటు. పాలపిట్టే అనుకున్నాను. అది ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది, మా లెక్కకు రాదు. ఉసూరుమని ఇంటికి పోదామన్నాను.

ఆయన కదల్లేదు.

"అది మన దసరా పిట్ట గాదు సుభా. మన పాలపిట్ట రొమ్ము గోధుమరంగుంటది. దీనిది మెడకెల్లి కడుపు దాక నీలమే."

వాళ్ల ఊళ్లో దసరా నాడు చేలల్లో పాలపిట్టను వెతికి అందరికీ చూపించే పని ఏటా ఆయనదేనట. నేను పుస్తకంలో చదివిన తేడా, ఆయన కళ్లతో చూసి నేర్చుకున్నారు. ఫోటోలు తీసి పంపాను.

జగన్మోహనరావు గారు వెంటనే ఫోన్ చేశారు. "సందేహం లేదమ్మా, అదే. చూసినవారు అన్నచోట నీ పేరేగా?"

"కాదండీ, మా ఆయనది. నేను పాలపిట్ట అనుకుని ఇంటికి బయల్దేరాను."

దేవేందర్ నా కొంగు గుంజారు. "సదువుకున్నోళ్ల లిస్టుల నా పేరెందుకే?"

"మీ అంత బాగా చూసినోళ్లు అందులో లేరు కాబట్టి."

సాయంత్రం పట్టిక వచ్చింది. అందరి పేర్ల పక్కనా డిగ్రీలున్నాయి. నా గడిలో మాత్రం, దేవేందర్, ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్, ఐకాడ్. రెండుసార్లు నేను చదివాను. మూడోసారి ఆయనతోనే పైకి చదివించాను.