సాళ్ల నడుమ పట్టేదాన్ని

నేను ఒక ట్రాక్టరునే గానీ, రోడ్డు మీద నన్ను చూసి పక్కకు తప్పుకున్నవాడు ఇంతవరకూ లేడు. పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే తల్లి పక్కన దూడలా ఉంటాను. నన్ను తయారుచేసినవాళ్లు అలాగే కావాలని చేశారు. పండ్లతోటలో రెండు సాళ్ల నడుమ కొమ్మ విరగకుండా, కాయ రాలకుండా దూరి, నేల దున్ని బయటికి రావాలి. నా పని అంతే. కర్మాగారంలో నా బానెట్ బిగించిన మనిషి తన పక్కవాడితో, ఇది బొమ్మలా ఉంది, మా పిల్లాడికి కొనిపెట్టొచ్చు అన్నాడు. నేను లోకంలో విన్న మొదటి మాట అదే.

అక్కణ్ణుంచి లారీ ఎక్కి అనంతపురం చేరాను. బైపాసు రోడ్డు మీద ఒకే యజమానికి పక్కపక్కనే రెండు దుకాణాలు. ఒకదాంట్లో మేము, రెండో దాంట్లో పసుపుపచ్చగా ఏనుగుల్లాంటి జేసీబీలు. ముందు బకెట్టు, వెనక పొడుగాటి చెయ్యి. మా రెండింటికీ మధ్య కంచె కూడా లేదు. సేల్స్ కుర్రవాడు జేసీబీ దగ్గర నిలబడితే జేసీబీ లేని రైతు రైతే కాదనేవాడు. నాలుగడుగులు వేసి నా దగ్గరికొస్తే, రైతన్నవాడు జేసీబీ ఎందుకు కొంటాడనేవాడు. రెండూ నమ్మకంగానే చెప్పేవాడు. మనుషుల్లో ఈ విద్య నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అక్కడికే సుంకమ్మ, ఆమె తమ్ముడు తిప్పేస్వామి వచ్చారు. నార్పల వైపు పల్లె వాళ్లది. తండ్రి పోతూ పోతూ పొలాన్ని ఇద్దరికీ చెరిసగం రాసిపోయాడు. మొగుడు చచ్చిపోయి సుంకమ్మ పుట్టింటికి తిరిగొచ్చేటప్పటికి తిప్పేస్వామికి నూనూగు మీసాలు. ఇద్దరూ కలిసి ఆ ఎర్రనేలలో చీనీ మొక్కలు, అంటే బత్తాయి, నాటారు. చెట్లు మనిషెత్తు దాటాక పెద్ద ట్రాక్టరు లోపలికి రావడం కష్టమైంది. వచ్చిన ప్రతిసారీ కాపున్న కొమ్మలు విరుచుకుపోయేది. అందుకని సొంతానికి ఒక బండి కొందామని బయల్దేరారు. ఏ బండి అన్నది మాత్రం తేల్చుకోకుండానే వచ్చారు.

తిప్పేస్వామి కళ్లు మొదటినుంచీ జేసీబీ మీదే. పునాదులు తవ్వాలన్నా, కాలువ తీయాలన్నా, చెరువు మట్టి ఎత్తాలన్నా దానికే పిలుపు వస్తుందనీ, మన తోట పని అయ్యాక ఊళ్లన్నీ తిప్పుకోవచ్చనీ అక్కకు చెప్పాడు. సుంకమ్మ అంతా విన్నది. జేసీబీ చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత నా దగ్గరికొచ్చి, చెంగు అడ్డంగా పట్టుకుని నా వెడల్పు కొలిచింది. ఆ చెంగునే అలాగే పట్టుకుని తమ్ముడికి చూపించింది.

"ఇది మన సాళ్లలో పడ్తాది. అది పట్టాలంటే చెట్లు తీయాల. చెట్ల కోసం బండా, బండి కోసం చెట్లా? నువ్వే చెప్పప్పా."

తిప్పేస్వామి జేసీబీ వైపు ఇంకోసారి చూశాడు. చివరికి నవ్వేసి, నీ మాటే కానీలే అక్కా అన్నాడు. కాగితాల మీద సంతకం అతనే పెట్టాడు. ఆమె అప్పుడు నా సీటు మీద కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూస్తోంది. సంతకం గురించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

డ్రైవరును పెట్టుకుంటారేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆమే నా మీదికి ఎక్కింది. మొదటిరోజు నన్ను గట్టుకు గుద్దించింది. రెండోరోజు డ్రిప్పు పైపు తెంచింది. ఊళ్లో మగవాళ్లు అరుగుల మీద కూర్చుని నవ్వారు. ఆమె వాళ్ల వైపు చూడకుండా నాతో గొణుగుతూ ఉండేది. "ఉండుండు, ఆత్రం పడాకు," అనేది. ఆత్రం పడింది నేను కాదు, ఆమె కాలు. అయినా నన్నే మందలించేది. ఆమెకు మందలించుకోవడానికి తనదంటూ బిడ్డ ఎవరూ లేరని తర్వాత అర్థమైంది.

ఆ ఏడు కాపు బాగా వచ్చింది. నేను వెనక మట్టిని గుల్లచేసే రోటవేటరు కట్టుకుని సాళ్లలో తిరిగేదాన్ని. మందుకొట్టే ట్యాంకు లాగేదాన్ని. కొమ్మ దగ్గరకొస్తే ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో కొమ్మను పైకెత్తి పట్టుకునేది, పిల్ల ముఖం మీది వెంట్రుకలు పక్కకు తీసినట్టు. నవ్విన మగవాళ్లే తర్వాత వచ్చి, మా తోటలో కూడా ఒక పూట తోలిపెట్టమ్మా అని అడిగారు. ఆమె వెళ్లింది. నేనూ వెళ్లాను. ఎండాకాలం సాయంత్రాలు ఆమె నన్ను బోరు దగ్గర కడిగి, తడి ఆరేదాకా పక్కనే కూర్చునేది. బండిగా పుట్టినందుకు నాకు ఏ కొరతా లేదనిపించిన రోజులవి.

తర్వాత వానలు మొహం చాటేశాయి. బోర్లు ఒక్కొక్కటే అడుగంటాయి. తిప్పేస్వామి సగం మెరకన ఉంది, అందులో చెట్లు ముందు ఎండాయి. సుంకమ్మ సగం వాగు వైపు ఉంది. ట్యాంకర్లతో నీళ్లు పోసి, ఆకులతో పాదులు కప్పి ఎలాగో బతికించుకుంది. ఆ దినాల్లోనే సోలారోళ్లు వచ్చారు. మెరక భూములన్నీ కౌలుకు తీసుకుని అద్దాలు పరుస్తారట. ఎండనే పంటగా పండించుకుంటారట. భూమి చదును చేసి ఇస్తే చాలునట. ఊళ్లన్నీ జేసీబీల మోతతో నిండిపోయాయి. ఒక్కొక్క జేసీబీకి తెల్లవారితే ఎటు వెళ్లాలో తెలియనంత పని.

తిప్పేస్వామి అక్క దగ్గర రెండు మాటలు తెచ్చాడు. తన సగం సోలారుకు ఇస్తానన్నాడు. నన్ను మార్చి జేసీబీ తెస్తానన్నాడు. అతనికి పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు. ఎండిన చెట్లతో ఎన్నాళ్లని చూస్తాడు? అతని మాటలో అన్యాయం లేదని నాకే తోచింది. సుంకమ్మ మొదటిదానికి సగం ఒప్పుకుంది: నీ భూమి నీ ఇష్టం, ఎండిన చెట్లే తీయించు, పచ్చగా ఉన్నవాటిని ఇంకో వాన చూడనీ అంది. రెండోదానికి మాత్రం ఒప్పుకోలేదు. నేను లేకపోతే తన తోట లేదంది. తిప్పేస్వామి తలూపాడు.  తలూపడం ఒప్పుకోవడమే అని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను.

పది దినాలు గడిచాక ఒక పొద్దున అతను వచ్చి, ట్రాక్టరును సర్వీసుకు తీసుకుపోతానన్నాడు. ఆమెకు సంతోషమైంది. పనిగట్టుకుని నన్ను కడిగింది. నా రోగాలన్నీ అతనికి అప్పజెప్పింది.

"క్లచ్చు జారుతాంది, చూపియ్యి. ఎడమ పక్క చక్రం దగ్గర ఏందో గీకుతాంది. ఆయిలు మార్చేటప్పుడు పక్కనే నిలబడు, లేకుంటే పాతదే పోస్తారు."

అతను అన్నిటికీ ఊ కొట్టాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. దారి పొడుగునా నాకు ఏ అనుమానమూ రాలేదు. క్లచ్చు బాగుపడుతుందని సంబరపడుతూ వెళ్లాను.

బైపాసు మీద అదే దుకాణం. సర్వీసు షెడ్డు కుడివైపు ఉంది. అతను ఎడమవైపు తిప్పాడు. అక్కడ పాత బండ్లు కొనేవాళ్లు నా చుట్టూ తిరిగి, వంగి, తట్టి చూశారు. క్లచ్చు ఎలా ఉందని అడిగితే తిప్పేస్వామి బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆడమనిషి తోలిన బండి, అల్లారుముద్దుగా చూసుకుంది, ఒక గీత కూడా పడలేదన్నాడు. అన్నేళ్లలో అతని నోట నా గురించి అన్ని మంచి మాటలు నేనెప్పుడూ వినలేదు. మధ్యాహ్నానికి అతను కొత్త జేసీబీకి నిమ్మకాయలు తొక్కించి, డ్రైవరు పక్కన ఎక్కి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూశాడు. నన్నా, దుకాణం బోర్డునా అన్నది చెప్పలేను.

మూడోనాడు సుంకమ్మ బస్సు దిగి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా బండి నాకిచ్చేయమని గుమాస్తాను అడిగింది. బండి కాగితాలన్నీ తమ్ముడి పేరు మీదే ఉన్నాయనీ, ఇప్పటికే ఒక కాంట్రాక్టరు నన్ను తీసుకుంటానని మాట ఇచ్చాడనీ అతను మర్యాదగానే చెప్పాడు. కాసేపు దీని మీద కూర్చోవచ్చా అని అడిగింది. కూర్చోమన్నాడు. ఆమె నా సీటు మీద చాలాసేపు కూర్చుంది. స్టీరింగు ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకుంది. బస్సు హారను వినబడ్డాక దిగి వెళ్లిపోయింది.

కాంట్రాక్టరు నన్ను ఒక డ్రైవరు చేతికి ఇచ్చాడు. అతని పేరు మస్తాను, చెడ్డవాడు కాదు. ఎక్కడో సోలారు పనిలో నీళ్ల ట్యాంకు లాగించాడు. కొన్నాళ్లకు చోటు మారుస్తున్నామని చెప్పి ఒక పొద్దున బయల్దేరదీశాడు. పోతూ ఉంటే దారి గుర్తుకొచ్చింది. అదే వాగు, అదే కల్వర్టు. నన్ను తిరిగి ఇంటికి తీసుకుపోతున్నారని ఎంత ఆనందపడ్డానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

తిప్పేస్వామి సగంలో జేసీబీ పనిలో ఉంది. బకెట్టును చెట్టు మొదలుకు ఆనించి ఒక తోపు తోస్తే, చెట్టు మట్టితో సహా పైకి లేచి పక్కకు ఒరుగుతోంది. ఎండినవే కాదు. పచ్చగా ఉన్నవీ, పిందె పట్టినవీ కూడా. నేను ఏళ్ల తరబడి వేళ్లకు తగలకుండా జాగ్రత్తగా దున్నిన పాదులవి. ఆ వేళ్లు ఎలా ఉంటాయో మొదటిసారి చూశాను.

గట్టు వెంబడి చివరి సాలు మిగిలింది. గట్టుకు అవతల సుంకమ్మ తోట. జేసీబీ అక్కడ తిరగడానికి చోటు లేదు. తిరిగితే ఆమె చెట్లు విరుగుతాయి. అప్పుడు తిప్పేస్వామి నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, తల గోక్కుని, ఆ చిన్న బండి అయితే పడుతుంది, దానికి గొలుసు కట్టి లాగించు మస్తానూ అన్నాడు. నేను సాళ్లలో పడతాననే కదా నన్ను కొన్నది. అందుకే ఆ పనికీ నేనే దొరికాను.

మస్తాను గొలుసు ఒక కొస చెట్టు మొదలుకు, ఇంకో కొస నా వెనక కట్టాడు. క్లచ్చు జారింది. మళ్లీ వదిలాడు. నా ముందు చక్రాలు గాల్లోకి లేచి దిగాయి. చెట్టు వచ్చేసింది. అది కాయలున్న చెట్టు. కాయలు ఎగిరి, దొర్లుకుంటూ గట్టు అవతలికి పోయాయి. తల తిప్పలేని జన్మ నాది, కానీ గట్టు నా ఎదురుగానే ఉంది. గట్టు మీద సుంకమ్మ నిలబడి ఉంది.

ఆమె అరవలేదు, అడ్డం పడలేదు.  సాలు అయిపోయేదాకా నేను లాగిన ప్రతి చెట్టునూ చూసింది. తర్వాత వంగి, తన వైపు పడిన కాయలను ఏరి, గట్టుకు ఇవతల తమ్ముడి భూమిలో కుప్పగా పోసి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి ఆమె తమ్ముడింటి గడప తొక్కలేదు. తోటలోనే రేకుల షెడ్డు వేసుకుంది. తిప్పేస్వామికి పని బాగా సాగింది, మిద్దె మీద మిద్దె లేచింది. కానీ పండక్కి అక్క రాలేదు, పెద్దపిల్ల పుష్పవతి అయితే అక్క రాలేదు. ఊళ్లో వాళ్లు అడుగుతుంటే అతను మాట మార్చేవాడు. సోలారు పని అయిపోయి కాంట్రాక్టరు నన్ను అమ్మకానికి పెట్టినప్పుడు, అతనే వచ్చి కొన్నాడు. క్లచ్చు కొత్తది వేయించాడు. రంగు కొట్టించాడు. ఈసారి కాగితాలు అక్క పేరున రాయించాడు. ఒక పొద్దున నన్ను తానే తోలుకుంటూ ఆమె షెడ్డు ముందు నిలబెట్టి, తాళంచెవి పట్టుకుని నిలుచున్నాడు.

సుంకమ్మ బయటికొచ్చింది. నా వంక చూసింది. అంతకుముందు దుకాణంలో నా మీద కూర్చున్ననాటి చూపు కాదు.

"వెనక్కి తోలుకపో," అంది.

అతను చాలాసేపు బతిమాలాడు. నాదే తప్పు, నన్ను తిట్టు, కొట్టు అన్నాడు. తర్వాత అడిగాడు. "బండి ఏం తప్పు చేసిందక్కా? దాన్నెందుకు వద్దంటాండావు?"

తాళంచెవి ఉన్న అతని చేతిని ఆమె పక్కకు నెట్టింది.

"ఏమీ చేయలేదు. చెప్పిన పని చేసింది. నేను దాన్ని బిడ్డనుకున్నా, అది బండి. తప్పు నాదే."

 నాకు బ్రేకు ఉంది, కానీ దాన్ని నాకు నేనే వేసుకోలేను. తిప్పేస్వామి చేసింది ద్రోహమని నాకు ఆ ఎడమవైపు మలుపులోనే తెలుసు. దాన్ని ఎలాగో మింగుకున్నాను. ఆమె మాట మాత్రం మింగుడు పడలేదు. నన్ను పిలిచి, మందలించి, కడిగి, మనిషిని చేసింది ఆమె. ఒక్క మాటతో మళ్లీ ఇనుమును చేసింది.

ఇప్పుడు నేను తిప్పేస్వామి ఇంటి పక్క సందులో ఉన్నాను. జేసీబీ పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. నన్ను ఎవరూ కదిలించరు, అమ్మనూ అమ్మరు. నన్ను ఎవరి పేరున రాయించారో ఆ మనిషి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టదు, పెట్టమని అడగడానికి తమ్ముడికి నోరు రాదు. సీటు మీద కోళ్లు పడుకుంటున్నాయి.

నిన్న తొలకరి పడింది. తోట దున్నడానికి సుంకమ్మ పక్కూరినుంచి ఒక బండిని బాడుగకు పిలిపించింది. నీలం రంగుది, సరిగ్గా నా అంతే ఉంటుంది. దానికి దారి చూపిస్తూ ఆమె ముందు నడుస్తూ ఈ సందు మొదట్లోనుంచే వెళ్లింది. అంత దగ్గరగా వెళ్లి కూడా తల ఇటు తిప్పలేదు. చూస్తే మనసు ఆగదనే తిప్పలేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఎవరూ పెడలు తొక్కకుండా, ఎవరూ తోలకుండా నాకు నేనుగా చేస్తున్న పని ఇలా చెప్పుకోవడం ఒక్కటే.