రాయి దాటేదాకా బేరమే

టక్.

కెమెరాలో అద్దం లేచి పడిన చప్పుడు. కొండ గోడకి తగిలి, లోయ దాటి, నా చెవికే తిరిగొచ్చింది.

నల్ల గద్ద గూటిలోంచి లేచింది.

మొదట్లో నా దగ్గరున్నవి ఇవీ — పదకొండేళ్ళ పాత కెమెరా. దానికో పొడవాటి లెన్సు. ఒమాన్‌లో, మా సలాలా బజారులో సాంబ్రాణి కొట్టు. కొండ మీద, గూట్లో, రెండు గుడ్లు. గుడ్లు నావి కావు. అయినా నా లెక్కలో వేసుకున్నాను.

తల్లి తిరిగి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

కాకికి ఒక్కటే పట్టింది.

మిగిలింది ఒక గుడ్డు. పోయినదాన్ని ఇంకెవరి మీదికీ తొయ్యలేను. ఆ చప్పుడు నాదే.

ఆ కొండని పగలగొట్టి రాయి తోలుకుంటామని ఒక క్వారీ వాళ్ళు కాగితాలు పెట్టారు. గూడు బతికి ఉందని చూపిస్తే పని ఆగుతుంది. అనుమతులిచ్చే ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. "ఆదివారానికల్లా ఫొటో తెండి. గద్ద ఒక్కటే చాలదు, గద్దలు ఎక్కడైనా కూర్చుంటాయి. గుడ్డు కనబడాలి."

గద్ద ఉండాలి. గుడ్డు ఉండాలి. చప్పుడు ఉండకూడదు.

గురువారం ముసల్లం షాపులో కూర్చున్నాను. ముసల్లం నా ఈడువాడు. ముప్పై ఏళ్ళుగా కెమెరాలు అమ్ముతున్నాడు. తనెప్పుడూ ఫొటో తియ్యడు.

బల్ల మీద రెండు మిర్రర్‌లెస్ కెమెరాలు. లోపల అద్దం లేదు. లేచి పడేదేమీ లేదు. నొక్కాను. మళ్ళీ నొక్కాను... తీసిందో లేదో అని భయం వేసేంత నిశ్శబ్దం.

చిన్నది ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. పొట్టి లెన్సుతోనే దూరాన్ని దగ్గరికి లాగుతుంది. కానీ చప్పుడు లేకుండా తీసేటప్పుడు బొమ్మని పైనుంచి కిందికి, వరస వెంట వరస, నిదానంగా చదువుకుంటూ పోతుంది. ఈలోగా రెక్క కదిలిందా — రెక్క వంగిపోతుంది. ఎండకి మెత్తబడ్డ ప్లాస్టిక్ లాగా.

పెద్దది రెప్పపాటులో మొత్తం చదివేస్తుంది. రెక్క రెక్కలాగే ఉంటుంది. పిట్ట కన్ను ఎటు తిరిగితే అటు తనే పోయి పట్టుకుంటుంది. మసక వెలుతురులోనూ ఏ ఈకకి ఆ ఈక విడిగా. కానీ దాని లెన్సు ఒక్కటే మేకపిల్లంత బరువు. రెండు చేతులూ దానికే కావాలి.

పైగా ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకి పట్టదు. అంటే ఇవాళ కొనేది ఒక్క కెమెరా కాదు. ఇకమీద కొనబోయేవన్నీ.

సాంబ్రాణి గడ్డని వెలుతురుకి పట్టి ఏ లోయదో చెప్పగలను. వీటిని ఏ వెలుతురుకి పట్టాలి?

నాకు పెద్దదే కావాలి. నాలుగేళ్ళుగా కళ్ళల్లో ఒకటే బొమ్మ — నల్ల రెక్కలు నిండా చాచి, వీపు మీద తెల్లటి గీతలు, కింద లోయ...

"పెద్దది" అన్నాను. చేతులు కలిపాం.

లేచాను.

మళ్ళీ కూర్చున్నాను.

మా దగ్గర చేతులు కలిపినా, కొన్నవాడూ అమ్మినవాడూ విడిపోయేదాకా మాట మార్చుకోవచ్చు. ఖియార్ అంటాం దాన్ని. విడిపోయారా, ఇక అంతే.

అందుకే కదల్లేదు. ఖహ్వా, మా కాఫీ, పోస్తుంటే తాగాను. మళ్ళీ పోశాడు. చాలని చెప్పాలంటే ఖాళీ కప్పుని కాస్త ఊపాలి. నేను ఊపలేదు.

"అబూ రామిస్, మధ్యాహ్నం జొహర్ నమాజుకి కూడా నా పక్కనే నిలబడ్డావు. పెద్దదన్నావు, చిన్నదన్నావు, మళ్ళీ పెద్దదన్నావు. పెళ్ళికైనా ఇంత ఆలోచించావా?"

"పెళ్ళికి నాకు రెండు చూపించలేదు కదయ్యా."

"నేను ఇంటికి పోవాలి. అన్నం చల్లారిపోతోంది."

"పోతే విడిపోతాం."

ముసల్లం తలపాగా తీసి, మొహం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. "పద. రెండూ బండిలో పెట్టు. విడిపోకుండానే పోదాం నీ కొండకి. అక్కడైనా తేల్చి చావు."

ఖరీఫ్ వానల పచ్చదనం ఎప్పుడో పోయింది. కొండ గడ్డి తుప్పు రంగులో ఉంది. గాలి ఒక చోట నిలవడం లేదు. నేనూ అంతే.

కొండ కింద తఫూల్ పిన్ని ఆవులు. గూడు మొదట చూసింది ఆమే. నాకు చెప్పిందీ ఆమే. మమ్మల్ని చూసి కర్ర ఆనించుకుని నిలబడింది.

"ఏందిరా, ఒకే బండి, ఒకే అడుగు... ఇద్దర్నీ కలిపి ముందరికాళ్ళకి బంధం వేశారా ఎవరన్నా?"

"బేరం తెగలేదు పిన్నీ."

"ఆ రెండో గుడ్డు కూడా పగిలితే తెగుద్దేమోలే."

ముసల్లం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గూటి లోపలిది కనిపించే చోటు ఒక్కటే. పొడుచుకొచ్చిన రాయిని పట్టుకుని, చుట్టూ తిరిగి, అవతలి గట్టు మీదికి చేరాలి. ఒక మనిషికే జాగా. రాయి దాటితే ఇవతలివాడు కనపడడు. గాలికి మాట కూడా వినపడదు.

ముసల్లం రాయి ఇవతలే చతికిలబడ్డాడు.

"నేనింక రాను. నాకింకా బతకాలనుంది. ఇది దాటావంటే మనం విడిపోయినట్టే. చేతిలో ఏది ఉంటే అదే నీది, అబూ రామిస్. తర్వాత నా షాపులో కూర్చుని కప్పు పట్టుకోకు."

పెద్దది మెడలో వేసుకున్నాను. ఒక కాలు గట్టు మీద పెట్టాను. రాయి పట్టుకోవడానికి ఒక చెయ్యి... లెన్సు కింద ఇంకో చెయ్యి... చాలలేదు. లెన్సు ఊగి రాయికి తగిలింది.

టంగ్.

అవతల, తల్లి మెడ ఎత్తింది.

నేను ఊపిరి ఆపాను. పైన రెండు కాకులు, తోకలు పొట్టిగా, రెక్కలు వెడల్పుగా, చక్కర్లు కొడుతూ...

మెడ దించింది.

వెనక్కి వచ్చాను. పెద్దది తీసి ముసల్లం ఒళ్ళో పెట్టాను. మెడ మీద బరువు తగ్గింది. లోపల తగ్గలేదు.

చిన్నది భుజానికి తగిలించుకుని, రెండు చేతులతో రాయి పట్టుకుని దాటాను. వెనక నుంచి ముసల్లం ఏదో అన్నాడు. వినపడలేదు.

విడిపోయాం.

నొక్కాను. చప్పుడు లేదు. నొక్కాను. తల్లి కదల్లేదు. నొక్కాను, నొక్కాను — పసుపు ముక్కు, పసుపు కనుబొమ, గాలికి లేచే మెడ ఈకలు. అన్నీ వచ్చాయి.

గుడ్డు రాలేదు. గుడ్డు ఆమె కింద ఉంది.

పొద్దు వాలుతోంది. రాతి నీడ గట్టు మీదికి పాకుతోంది.

ఒక్క దగ్గు చాలు.

దగ్గితే లేస్తుంది. లేస్తే గుడ్డు కనిపిస్తుంది. ఫొటో వస్తుంది, క్వారీ ఆగుతుంది. కాకి కూడా వస్తుంది... గొంతులో దగ్గు నిజంగానే ఉంది. దుమ్ము. మింగాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగాను.

ఎంతసేపో తెలియదు. కాళ్ళు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి.

అప్పుడు కింద లోయలోంచి మగగద్ద పైకి వచ్చింది. గోళ్ళలో కుందేలంత కొండజంతువు, వేలాడుతూ. గూటి అంచు మీద వాలింది.

తల్లి లేచింది. తనంతట తను. తన వేళకి.

నొక్కాను.

మగగద్ద రెండడుగులు వేసి గుడ్డు మీద సర్దుకుంది. కాకులు పక్కకి తప్పుకున్నాయి. తల్లి గాలి మీద జారిపోయింది.

రాయి ఇవతలికి వచ్చి తెర చూపించాను. ముసల్లం కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గుడ్డు బాగుంది. పైన ఇదేంటి?"

"గద్ద."

"గద్దా? రెక్కలు కొడవళ్ళలా ఉన్నాయి. ఆఫీసరు కంప్యూటర్లో చేశావంటాడు." పెద్దదాని వైపు చూశాడు. "ఇదైతే—"

ఆపేశాడు.

ఇదైతే మళ్ళీ రాయికి తగిలి, ఆమె ముందే లేచేది. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

లెక్క చూసుకున్నాను. రెండొందల పై చిలుకు ఫొటోల్లో గద్ద ఉంది, గుడ్డు లేదు. ఒక్కదాన్లో గుడ్డు ఉంది — తెల్లగా, ఇటుక రంగు మచ్చలతో, స్పష్టంగా. దాని మీద ఏ గద్దకీ ఉండని రెక్కలు. ఆదివారం గద్ద బాగా వచ్చినదొకటీ, ఇదొకటీ పక్కపక్కన పెడతాను. వాళ్ళేమంటారో వాళ్ళు అంటారు.

వచ్చిన వాటిలో నేను కోరుకున్న కెమెరా లేదు. నాలుగేళ్ళ బొమ్మ లేదు.

నేను లేపకుండా లేచిన గద్ద ఒకటి.

వెచ్చగా, ఇంకొకరి వంతులో, గుడ్డు ఒకటి...