సంతకం పడని ఇల్లు

లీస్‌బెత్‌కు ఇది కొనాలని చూసిన పదిహేడో ఇల్లు. యాభై నాలుగేళ్ల మనిషి. ఉట్రెక్ట్‌లో ఓ ఆసుపత్రి వంటింట్లో పొద్దుటి షిఫ్టు ముగించి, రైలెక్కి కులెంబొర్గ్ అనే చిన్న ఊళ్లో దిగి, ఇంటికి పావుగంట చొప్పున చూపించే గదులన్నీ గబగబా చూసి ఉసూరుమంటూ వెనక్కి పోవడం ఏడాదిన్నరగా ఆమెకు మామూలైపోయింది. ప్రతిసారీ ఎవరో ఓ కుర్ర జంట ఎక్కువ ధర రాసిచ్చి తన్నుకుపోయేవారు. వాళ్ల మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు.

ప్రస్తుతం ఆమె కాపురం మూతపడిన ఓ బడిలో, మూడో తరగతి గదిలో. ఖాళీ కట్టడంలోకి ఎవరూ జొరబడకుండా కాపలాగా ఉండే వాళ్లకు చవగ్గా ఇస్తారు. పొమ్మన్న రోజున పోవాలి. వేసవి కాగానే బడి కూల్చేస్తామని కబురు రానే వచ్చింది.

ఈ పదిహేడోది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. వంటింట్లో నారింజ రంగు పలకలు, కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు. కుర్ర జంటలు మొహం చిట్లించి వెళ్లిపోయారు కాబోలు, శుక్రవారం ఏజెంటు యూరియాన్ ఫోను చేశాడు. "అభినందనలండీ! ఇల్లు మీదే. ఇల్లమ్మే ఆవిడ సరేనంది."

సరేనంటే సరిపోదు. కాగితం మీద సంతకం పడేదాకా నోటిమాటకు విలువ లేదని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. తెలిసీ మన లీస్‌బెత్ సోమవారం రెండు పెద్ద కేకులు కొని వంటింటి వాళ్లందరికీ పంచిపెట్టింది. శుభవార్త ఎవరిదైతే ఖర్చు వాళ్లదే మరి.

"సంతకాలయ్యాయా?" నోటినిండా కేకుతో అడిగింది తోటి వంటమనిషి డోర్టె.

"అవుతాయిలే."

"ఓసి పిచ్చిదానా! ఇంకా కాకుండానే తినిపించేశావా?" అంటూనే ఇంకో ముక్క కోసుకుంది.

డోర్టె నోట ఏ ముహూర్తాన ఆ మాట వచ్చిందో గానీ, మధ్యాహ్నానికి యూరియాన్ మళ్లీ ఫోను చేసి నీళ్లు నమిలాడు. ఇంటావిడ ఫెన్నా గారు కాగితాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుందట, సంతకం పెట్టడం లేదట. "మనసు మార్చుకుంటే మనం చేయగలిగింది లేదండీ."

లీస్‌బెత్ తిన్నగా రైలెక్కింది. చెప్పాపెట్టకుండా ఒకరింటి గంట నొక్కడం ఆమె జన్మలో ఎరగదు. ఆ రోజు నొక్కింది.

ఎనభై ఆరేళ్ల ఫెన్నా తలుపు తీసి ఎగాదిగా చూసింది. "ఓ, కొనే అమ్మాయివా? వచ్చావుగా, కూర్చో. కాఫీ ఉంది."

కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. కాఫీ వంపుతూ ముసలావిడ అందుకుంది. "నన్ను వృద్ధుల నిలయంలో చేర్చడం నా మంచికేనంటాడు నా కొడుకు. డాక్టరూ నా మంచికే అంటాడు. ఆ ఏజెంటు కుర్రాడు, నిన్నగాక మొన్న పుట్టినవాడు, వాడికీ నా మంచే కావాలట! నువ్వూ ఆ ముక్క చెప్పడానికేనా ఇంతదూరం వచ్చావు?"

సరిగ్గా ఆ ముక్కే లీస్‌బెత్ రైల్లో వల్లెవేసుకుంటూ వచ్చింది. వృద్ధుల నిలయంలో లిఫ్టు ఉంటుంది, నర్సు ఉంటుంది, నలుగురితో కాలక్షేపం ఉంటుంది అని. తీరా నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

"లేదండీ. మీ మంచేదో నాకు తెలీదు. నా కోసం వచ్చాను. నేనుండే బడి కూల్చేస్తున్నారు. పదిహేడు ఇళ్లు చూశాను, కాళ్లరిగిపోయాయి. ఇంక నా వల్ల కాదు. మీరు పోతే గానీ నాకు చోటు లేదు. సంతకం పెట్టండి."

అన్నాక నాలుక కొరుక్కుంది. ఛీ, ఇంత మాట ఎలా అనగలిగాను అనిపించింది. కిందుగా ఏదో రైలు పోయింది.

"నీకు జాలి లేదా అమ్మాయ్?" అడిగింది ఫెన్నా.

"ఉందండీ. కానీ..."

"ఉండి మాత్రం ఏం చేస్తావులే." ముసలావిడ కళ్లజోడు వెతికి పెట్టుకుంది. "ఎనిమిది నెలలుగా చూస్తున్నా, ఒక్కరైనా ఉన్నమాట అంటారేమోనని. అందరూ నన్ను పసిపిల్లను చేసి బుజ్జగించేవాళ్లే. పోనీ, నా చోటు నీకైనా పనికొస్తుందన్నావు."

ఒక్కో కాగితం అడుగున పొడి అక్షరాలు వేస్తూ పోయింది. ఆఖరి పేజీ దగ్గర చెయ్యి ఆగింది. "మా ఆయనా నేనూ ఈ ఇంట్లోకి వచ్చిన రోజు మెట్ల మీద సిమెంటు ఇంకా తడారలేదు తెలుసా," అంది. ఆపైన నిండుగా, నిదానంగా తన పేరు రాసింది.

"చాలా థాంక్సండీ, నేను..."

"వద్దు. కాఫీ తాగావు కదా, ఇంక లే. తాళాలిచ్చేదాకా ఇది నా ఇల్లే."

వెనక తలుపు పడింది. సంతోషం ఎప్పుడొస్తుందా అని చూస్తూ లీస్‌బెత్ ఒక్కో మెట్టూ దిగింది. ఒక అంతస్తు దిగి ఆగింది. ఫెన్నా చెప్పిన ఆ మెట్ల మీదే కూలబడి, ఇల్లు దొరకనివాళ్లు కూడా ఏడవనంతగా ఏడ్చింది.