కట్టు లేని ఎముక

అటక మీది పెట్టె దించబోయి స్టూలుతో సహా పడ్డాను. స్టూలుకు ఏమీ కాలేదు. ఇంట్లోవాళ్లు ముందు చూసింది దాన్నే. నాకు మాత్రం ఎడమవైపు ఆరో పక్కటెముక విరిగింది.

ఆసుపత్రి నుంచి కట్టు లేకుండా రావడం నేను చేసిన తప్పు. చెయ్యి విరిగినవాళ్లు పిండికట్టుతో వస్తారు, కాలు విరిగినవాళ్లు కర్రలతో వస్తారు. చూసినవాళ్లు లేచి కుర్చీ వేస్తారు. నేనేమో ఒక ఎక్స్‌రే కవరు, నాలుగు మాత్రలు, డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలు పట్టుకుని వచ్చాను. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, నొప్పి పుట్టినా సరే, పదిసార్లు నిండుగా ఊపిరి తీయాలి.

"కట్టు ఏదే?" అంది అత్తయ్య గుమ్మంలోనే.

"దీనికి కట్టు కట్టరట అత్తయ్యా."

"కట్టనిదాన్ని విరగడం అనరు. బెణకడం అంటారు."

మా ఆయన ముఖం విప్పారింది. "అమ్మయ్య! అయితే ఆదివారం భోజనాలకి ఇబ్బంది లేనట్టే."

ఆయన ఆఫీసువాళ్లు పద్నాలుగు మంది వస్తున్నారు. పద్నాలుగు మందికి వండే గిన్నె ఖాళీగా ఉన్నప్పుడే రెండు చేతులా ఎత్తాలి.

"నేను వండను" అన్నాను.

మా ఆయన వాళ్లమ్మ వైపు చూశారు.

అత్తయ్య లోపలికెళ్లి పాత దుప్పటిని నిలువుగా చింపుకొచ్చింది. వాళ్ల నాన్న ఎముకలు కట్టేవాడు. ఆ విద్య కొడుకులెవరికీ రాలేదు, ఈవిడకి ముడి వేయడం మాత్రం వచ్చింది. "ఇలా రా అమ్మాయ్. బిగించి కట్టానంటే ఆదివారానికి గంతులేస్తావు."

"వద్దత్తయ్యా. ఇవి కదలకుండా ఉండే ఎముకలు కావు. ఊపిరి తీసినప్పుడల్లా బకెట్ పిడి లేచినట్టు లేస్తాయి, వదిలితే దిగుతాయి. రోజుకు ఇరవై వేలసార్లట. బిగించి కడితే ఊపిరితిత్తుల అడుగు నిండదు, కఫం పట్టేస్తుంది."

"ఊపిరేగా" అన్నారు మా ఆయన, "నాలుగు రోజులు కాస్త తక్కువ పీల్చు."

ఇరవై రెండేళ్లలో ఆయన నన్ను చాలా తగ్గించమన్నారు. కూరలో ఉప్పు, మాటలో గొంతు, చెల్లెలితో ఫోను. ఊపిరి తగ్గించమనడం మాత్రం ఇదే మొదటిసారి.

"సరే. ముందు ఆయనకి కట్టండి. ఆ కట్టుతో కింద నుంచి నీళ్ల క్యాను తెచ్చారంటే ఆదివారం వంట నాది."

మాది మూడో అంతస్తు. లిఫ్టు కూడా ఇంట్లోవాళ్లలాగే, బరువు పనికి పిలిస్తే పలకదు.

"ఓస్, ఇంతేనా!" అని ఆయన చేతులెత్తి నిలబడ్డారు. విద్య చూపించే అవకాశం వచ్చాక అత్తయ్యకి కొడుకూ లేడు, కోడలూ లేదు. "ఊపిరి వదలరా. ఇంకా. ఇంకా వదులు." మూడు చుట్లు చుట్టి, మోకాలు ఆనించి మరీ ముడి బిగించింది. ఆయన ఈల వేసుకుంటూ దిగారు.

ఎక్కేటప్పుడు ఈల లేదు. రెండో అంతస్తు దగ్గర క్యాను దబ్బున కింద పెట్టిన చప్పుడైంది. తరవాత ఆయన ఒక్కరే వచ్చారు, గోడ పట్టుకుని, నోరు తెరుచుకుని, టమాటా రంగులో.

"విప్పు... విప్పమ్మా..."

"తక్కువ పీల్చండి" అన్నాను.

అత్తయ్య గోళ్లు విరిగాయి గానీ ముడి రాలేదు. "మా నాన్న ముడి ఇది!" అంది, కంగారులోనూ కాస్త గర్వంగా. "కత్తెరేదే?"

కత్తెర ఎక్కడుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. సరిగ్గా అప్పుడే గోడ గడియారం పదకొండు కొట్టింది. నేను దిండు ఎడమ డొక్కకి అదుముకుని నా పది ఊపిరులు మొదలుపెట్టాను.

"ఒకటి... రెండు... కుట్టుమిషను సొరుగులో, కుడివైపు... మూడు..."

దుప్పటి తెగింది. ఆయన పీల్చిన ఊపిరికి కిటికీ తెర కదిలిందంటే నమ్మండి. కూర్చుని, ఫోను తీసి, "ఆదివారం కుదరదండీ. మా ఆవిడకి ఎముక విరిగింది" అన్నారు. విరిగింది అనే మాట ఆ నోట మొదటిసారి విన్నాను.

అత్తయ్య దుప్పటి ముక్కలు మడతపెడుతూ, "ఛాతీ కట్టించుకున్నవాళ్లు నాలుగు రోజులకే దగ్గుతూ మళ్లీ వచ్చేవాళ్లే" అంది మెల్లగా. "మా నాన్న చలిగాలి అనేవాడు."

నీళ్ల క్యాను ఇంకా రెండో అంతస్తులోనే ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు.

నేను లెక్కలో ఉన్నాను. ఏడు... ఎనిమిది...